స్ట్రింగ్స్ కొనే ముందు మీ ఊరి గాలి చూడండి: బరంపురం నుంచి కోరాపుట్ దాకా గిటార్ తీగల ఎంపిక

"ఏ కంపెనీ స్ట్రింగ్స్ కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. మీది ఏ ఊరు? చేతులకి చెమట ఎక్కువా? మీ దగ్గర పాడేవాళ్లు ఏ శ్రుతిలో పాడతారు? కంపెనీ సంగతి వీటి తర్వాతే.

దక్షిణ ఒడిశాలో బరంపురం గోపాల్‌పూర్ సముద్రానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంది. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున కొండల మీద ఉంది. ఒకచోట ఉప్పుగాలి తీగని తినేస్తే, ఇంకోచోట వానాకాలం చెమ్మ, చలికాలం పొడిగాలి కలిసి గిటార్ చెక్కనే కదుపుతాయి. మధ్యలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఉన్నాయి. ఈ ఊళ్లన్నిటా తెలుగు కుర్రాళ్లు చర్చి క్వయర్లో, కాలేజీ ఫంక్షన్లో, పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తూనే ఉన్నారు. సలహా మాత్రం ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని వీడియో తీసినవాళ్ల దగ్గర తీసుకుంటారు. ఆ సలహా తప్పని కాదు గాని, మన గాలికి అది పూర్తిగా సరిపోదు.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా స్టీల్ తీగల అకూస్టిక్ గిటార్ గురించి. ఎలక్ట్రిక్ వాయించేవాళ్లకి గేజ్ (తీగ మందం), శ్రుతి గురించి చెప్పిన మాటలు పనికొస్తాయి. లోహం సంగతి వేరు, వాళ్ల తీగలకి చుట్టేది ఎక్కువగా నికెల్ పూత వేసిన స్టీల్.

నైలానా, స్టీలా

ఇది ఇష్టాన్ని బట్టి తేల్చుకునే విషయం కాదు, గిటార్ నిర్మాణమే తేల్చేస్తుంది. వెడల్పు మెడ ఉండి, తీగని బ్రిడ్జి (గిటార్ బొజ్జ మీద తీగల్ని పట్టి ఉంచే చెక్క) దగ్గర ముడి వేసి కట్టేది క్లాసికల్ గిటార్. దానికి నైలాన్ తీగలే వెయ్యాలి. నైలాన్ సెట్టు ఆరు తీగలూ కలిపి గిటార్ మీద వేసే బరువు దాదాపు 40 కిలోలు. స్టీల్ సెట్టు 12 గేజ్‌దైతే అది 70 కిలోలు దాటుతుంది. క్లాసికల్ గిటార్‌కి స్టీల్ వేస్తే మొదటి రోజు బాగానే మోగుతుంది. తర్వాత బ్రిడ్జి వెనక అంచు లేవడం మొదలవుతుంది, గోరు దూరేంత సందు కనపడుతుంది. ఆ తర్వాత ఒకరోజు బ్రిడ్జి చెక్కతో సహా ఊడొస్తుంది.

ఇంకా గిటార్ కొననివాళ్లయితే, సముద్రం పక్క ఊరైతే, వాయించేది చిన్నపిల్లలైతే నా ఓటు నైలాన్‌కే. సన్న తీగలు మూడూ ఉత్త నైలాన్ కాబట్టి తుప్పు మాటే లేదు. లావు తీగల మీద చుట్టిన వెండిపూత రాగి మాత్రం నల్లబడుతుంది. నైలాన్‌తో చిక్కు ఏమిటంటే, కొత్తగా వేసినప్పుడు రోజుల తరబడి సాగుతూనే ఉంటుంది, శ్రుతి దిగిపోతూనే ఉంటుంది. ఆదివారం ఆరాధన ఉంటే శనివారం రాత్రి కొత్త నైలాన్ వేసుకోవద్దు. మైకు లేకపోతే చర్చి హాల్లో వెనక బెంచీల దాకా వినపడదు కూడా. అలాంటి చోట స్టీలే.

10, 11, 12: ఏ గేజ్

కొట్లో తరచుగా జరిగే సంభాషణ ఇది.

"అన్నా, గిటార్ స్ట్రింగ్స్ ఒక సెట్టు ఇవ్వండి."

"ఏ గేజ్ బాబూ?"

"గిటార్ గేజే అన్నా."

దాంతో చేతికి అందిన సెట్టు కవర్లో పడుతుంది. గేజ్ అంటే మొదటి తీగ, అంటే అన్నిటికంటే సన్న తీగ మందం. 10 అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది. తీగ టెన్షన్‌ని మూడు విషయాలు నిర్ణయిస్తాయి: తీగ బరువు, నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాళ్ల ముక్క) నుంచి బ్రిడ్జి దాకా ఉన్న పొడవు (దీన్నే స్కేలు అంటారు), మీరు ఎక్కించే శ్రుతి. కంపెనీ మారినంత మాత్రాన టెన్షన్ పెద్దగా మారదు.

మామూలు 25.5 అంగుళాల స్కేలు గిటార్ మీద, మామూలు శ్రుతిలో, మొదటి తీగ ఒక్కదాని లాగుడు 10 గేజ్‌లో దాదాపు 16 పౌన్లు, అంటే 7 కిలోల పైచిలుకు. 11లో 19 నుంచి 20 పౌన్లు. 12లో 23 పౌన్లు, పదిన్నర కిలోలు. మందం రెండు వెయ్యో వంతులే పెరిగినా లాగుడు నలభై శాతం పైగా పెరిగింది చూడండి. సాదా తీగలో టెన్షన్ మందం వర్గంతో పెరుగుతుంది, అందుకే ఇంత తేడా. స్కేలు పొడవు ప్రభావం దీనికంటే తక్కువ. యమహా ఎఫ్310 లాంటి 634 మిల్లీమీటర్ల స్కేలు గిటార్ మీద అదే సెట్టు నాలుగు శాతం దాకా మెత్తగా ఉంటుంది.

నేర్చుకునేవాళ్లకి 10 చాలు. చెయ్యి కుదిరినవాళ్లకి, కార్డ్స్ కొడుతూ పాడేవాళ్లకి 11. గట్టిగా స్ట్రమ్ చేసేవాళ్లకి, శ్రుతి దించి వాయించేవాళ్లకి 12. అందరూ గొప్పగా 12కే వెళ్లాలనేం లేదు. మైకులోకి వెళ్లే గిటార్‌కి 11 మీద 12కి ఉన్న ఆధిక్యం వినేవాళ్లకి తెలీదు, వాయించేవాడి వేళ్లకే తెలుస్తుంది.

చవక గిటార్లున్నవాళ్లు ఇక్కడ ఆగి చూసుకోవాలి. తీగల్ని కింది చివర రేకు టెయిల్‌పీస్‌కి తగిలించే రకాల్లోనూ, రెండు మూడు వేల రూపాయల గిటార్లలోనూ చాలావాటికి మెడలోని ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోహపు కడ్డీ) తిరగదు, లేదా అసలు ఉండదు. వాటికి 12 వేస్తే మెడ ముందుకు వంగుతుంది, దాన్ని వెనక్కి తెచ్చే దారి ఉండదు. వాటికి 10 దాటొద్దు.

ట్రస్ రాడ్ ఉన్నవాళ్లు గేజ్ మార్చిన రెండు రోజులకి ఒక చిన్న పరీక్ష చెయ్యండి. లావు తీగని మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర ఒక చేత్తో, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టుకుని, ఏడో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు ఎంతుందో చూడండి. విజిటింగ్ కార్డు దూరీ దూరనట్టు ఉంటే సరిగ్గా ఉన్నట్టు, అంటే 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు. దానికంటే బాగా ఎక్కువుంటే రాడ్‌ని కుడివైపు పావు చుట్టు బిగించి, మర్నాడు మళ్లీ చూడండి. ఒకే పూటలో రెండు మూడు చుట్లు తిప్పేవాళ్లున్నారు. రాడ్ మర విరిగితే రిపేరు చాలా కష్టం, మన ఊళ్లలో అయితే అసలే దొరకదు.

వేళ్లు నొప్పి అని 12 నుంచి 10కి దిగేవాళ్లకి ఒక మాట. మొదటి ఫ్రెట్ దగ్గరే నొప్పి ఎక్కువైతే తప్పు తీగది కాదు, నట్ గాడులు లోతు చాల్లేదన్నమాట. గాడి సరిచేయిస్తే 11 కూడా మెత్తగా అనిపిస్తుంది.

హార్మోనియం పక్కన గిటార్

మన దగ్గర తీగలు తెగేది ఎక్కువగా ఇక్కడే, అయినా ఎవరూ పట్టించుకోరు. చర్చిల్లో, భజనల్లో గిటార్ ఒంటరిగా ఉండదు. పక్కన హార్మోనియం ఉంటుంది, పాడే అక్క ఒకటిన్నర శ్రుతిలో పాడుతుంది. కీబోర్డు అయితే ఏ (A) స్వరం 440 హెర్ట్జ్ అనే ప్రమాణానికి ఉంటుంది, పాత హార్మోనియం కొద్దిగా పైనో కిందో ఉండొచ్చు. గిటారిస్టు ఏం చేస్తాడు? ఆరు తీగలూ హార్మోనియంకి సరిపోయేదాకా పైకి తిప్పుతాడు.

అర స్వరం (ఒక ఫ్రెట్ అంత) పైకెక్కిస్తే ప్రతి తీగ టెన్షనూ పన్నెండు శాతం పెరుగుతుంది. పూర్తి స్వరం (రెండు ఫ్రెట్లంత) ఎక్కిస్తే ఇరవై ఆరు శాతం. 12 సెట్టులో మూడో తీగ, అంటే జీ తీగ, అప్పటికే ముప్ఫై పౌన్ల దగ్గరుంటుంది, పైగా దాని లోపలి కోర్ తీగ చాలా సన్నం. తెగేది ముందు అదే.

ఒకటిన్నర శ్రుతి అంటే సీ షార్ప్. దానికి దారులు రెండు. కేపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు) మొదటి ఫ్రెట్‌కి పెట్టి సీ షేపు కార్డ్స్ వాయించండి, తీగల శ్రుతి కదపక్కర్లేదు. లేదంటే ఆరు తీగలూ అర స్వరం దించి డీ షేపు వాయించండి. దించినప్పుడు టెన్షన్ పదకొండు శాతం తగ్గుతుంది, చేతికీ తీగకీ సుఖం. రెండో దారి పట్టి ఎప్పుడూ దించే వాయించేవాళ్లు 10 గేజ్ వాడొద్దు, తీగ వదులై ఫ్రెట్ల మీద గరగరమంటుంది. పూర్తి స్వరం దించే అలవాటుంటే టెన్షన్ ఇరవై శాతం పోతుంది. అప్పుడు 12 సెట్టే పెట్టుకోండి. అలా దించిన 12 మొదటి తీగ లాగుడు, మామూలు శ్రుతిలో ఉన్న 11 కంటే కొంచెం తక్కువే ఉంటుంది. వేళ్లకి భయం లేదు.

పాత హార్మోనియం అర స్వరం కంటే తక్కువ తేడాలో ఉంటే ట్యూనర్ యాప్‌లో ప్రమాణాన్ని 440 నుంచి మార్చి దానికి సరిపెట్టుకోవచ్చు. సద్దు ఎక్కువున్న హాల్లో ఫోన్ మైకు పనిచెయ్యదు. తల భాగానికి తగిలించే క్లిప్ ట్యూనర్ చెక్క అదురు పట్టుకుంటుంది కాబట్టి డప్పు మోగుతున్నా చూపిస్తుంది.

కంచు, ఫాస్ఫర్ కంచు, కోటింగ్

లావు తీగల మీద చుట్టిన లోహాన్ని బట్టి కొట్లో కనపడేవి ముఖ్యంగా రెండు. 80/20 బ్రాంజ్ అంటే ఎనభై పాళ్లు రాగి, ఇరవై పాళ్లు జింకు. నిజానికది ఇత్తడే. మోత తళతళలాడుతుంది, కాని ఆ తళుకు తొందరగా పోతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్‌లో రాగి తొంభై రెండు పాళ్ల దాకా ఉంటుంది, మిగతాది తగరం, కొద్దిగా ఫాస్ఫరస్. దీన్ని గిటార్ తీగలకి 1974లో తెచ్చింది డాడారియో కంపెనీ. నాదం కొంచెం గుండ్రంగా ఉంటుంది, చిలుము పట్టడం నెమ్మది. మూడో రకం, వీటి మీదే పల్చని పాలిమర్ పొర వేసిన కోటింగ్ తీగలు. ఎలిక్సర్ ఇందులో పాత పేరు.

ధరలు మారుతుంటాయి. మామూలుగా పేరులేని సెట్టు రెండొందల లోపు, మంచి కంపెనీ కోటింగ్ లేని సెట్టు ఐదారొందల నుంచి, కోటింగ్ సెట్టు పదిహేనొందల చుట్టూ ఉంటాయి.

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వాళ్లకి కోటింగ్ పెట్టిన డబ్బుకి తగినదే అని నా నమ్మకం. ఉప్పు, చెమ్మ చుట్టల సందుల్లోకి దిగకుండా ఆ పొర ఆపుతుంది. వారానికి ఒకసారి చర్చిలో మాత్రమే వాయించే గిటార్‌కైతే మరీ మంచిది, ఎందుకంటే అక్కడ తీగని తినేది వాయింపు కాదు, మిగతా ఆరు రోజుల గాలి. అయితే కోటింగ్ సెట్టుల్లో సన్న తీగలు రెండింటికీ పొర ఉంటుందని అనుకోవద్దు. కొన్ని కంపెనీలు వాటికి వేరే తుప్పు నిరోధక పూత వేస్తాయి, కొన్ని సాదా స్టీలే ఇస్తాయి. ప్యాకెట్ వెనక చదివి తీసుకోండి. సముద్రం పక్కన ముందు తుప్పు పట్టేది ఆ రెండే.

కోటింగ్‌కి ఒక షరతు ఉంది. పిక్‌తో గట్టిగా బాదేవాళ్లకి అది దండగ. పిక్ తగిలే చోట పొర లేచి పోగులు పోగులుగా వేలాడుతుంది, అప్పుడిక మామూలు తీగే. పెళ్లి ఆర్కెస్ట్రాలో రోజూ గంటలకొద్దీ వాయించేవాళ్లకి ఏ ఊరైనా సరే, ఫాస్ఫర్ బ్రాంజ్ మామూలు సెట్టు కొని, ముందే మార్చుకోవడం లాభం.

రాయగడ, కోరాపుట్, జయపురం వాళ్లకి నేను కోటింగ్ చెప్పను, అరచేతులు ఎప్పుడూ తడిగా ఉండేవాళ్లకి తప్ప. అక్కడ ఫాస్ఫర్ బ్రాంజ్ 11 సుఖంగా నడుస్తుంది. పర్లాకిమిడి, గుణుపురం మధ్యస్థం. మహేంద్రతనయ నది గట్టున కూర్చుని రోజూ వాయించే కుర్రాడికి మామూలు సెట్టు చాలు, వాయించాక తుడిచే ఓపికుంటే.

పేరులేని రెండొందల సెట్టు ఎప్పుడు కొనొచ్చు? గిటార్ పిల్లాడి ఆటవస్తువో, కొనసాగించే వ్యాపకమో ఇంకా తేలనప్పుడు. అంతకుమించి నేను సమర్థించలేను. మందం తీగ పొడవునా ఒకేలా లేకపోతే ఖాళీ తీగ శ్రుతిలో ఉన్నా పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం తప్పుతుంది. నేర్చుకునే పిల్లాడు తన చెవే బాగాలేదనుకుంటాడు.

పెద్ద కంపెనీ పేరు మీద నకిలీలు కూడా వస్తాయి. డాడారియో అసలు సెట్టులో ఒక్కో తీగ చివరి గుండు ఒక్కో రంగులో ఉంటుంది: వెండి, ఊదా, ఆకుపచ్చ, నలుపు, ఎరుపు, ఇత్తడి. రంగులున్నంత మాత్రాన అసలుదని కాదు గాని, అన్నీ ఒకే రంగులో ఉంటే వెనక్కిచ్చెయ్యండి.

వాయించాక రెండు నిమిషాలు

పొడి నూలు గుడ్డతో ప్రతి తీగనీ కిందా పైనా పట్టి తుడవాలి. పైనుంచి రాస్తే సరిపోదు, చెమట చేరేది తీగ అడుగున. వాయించే ముందు చేతులు కడుక్కోవడం ఇంకా మేలు. క్వయర్ ప్రాక్టీసు మధ్యలో పకోడీలు వస్తాయి, అవి తిన్న వేళ్లతోనే మళ్లీ గిటార్ అందుకుంటారు. లావు తీగలు వారంలో మూగబోవడానికి చాలాసార్లు అదే కారణం.

కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె రాయడం మన దగ్గర ఉన్న అలవాటు. తుప్పు నిజంగానే కొన్నాళ్లు ఆగుతుంది. కాని నూనె చుట్టల మధ్య దూరి, దుమ్ముని పట్టి ఉంచి, మోతని చంపేస్తుంది. మెడ చెక్కలోకీ ఇంకుతుంది. వద్దు.

పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఉంచండి. రంగు మారే రకం దొరికితే తీసుకోండి, నీలం గులాబీగా మారితే చెమ్మ నిండిందని అర్థం, వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. గిటార్ చెక్కకి తగిన గాలి తేమ 45 నుంచి 55 శాతం. వానాకాలంలో తీరంలో ఎనభై దాటడం మామూలే. అప్పుడు చెక్క ఉబ్బి, బ్రిడ్జి పైకి లేచి, తీగలు ఫ్రెట్లకి దూరమవుతాయి. శ్రావణంలో తీగలు ఎత్తైపోయాయని సాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న పలకని) అరగదీయించకండి. పుష్యమాసంలో కోరాపుట్ చలిగాలికి చెక్క తిరిగి ముడుచుకున్నాక తీగలన్నీ ఫ్రెట్లకి తగులుతాయి. అరిగిన సాడిల్ పెరగదు.

రాత్రి తీగలు వదులు చెయ్యాలా

రోజూ వాయించే గిటార్‌కి అక్కర్లేదు. మెడ, చెక్క ఒక స్థిరమైన లాగుడుకి అలవాటుపడి ఉంటాయి. రోజూ దించి ఎక్కిస్తే తీగ నట్ దగ్గరా శ్రుతి తిప్పే కీల దగ్గరా పదే పదే వంగి అలిసిపోయి తెగుతుంది, శ్రుతి కూడా కుదురుకోదు. పాత మాస్టార్లు వదులు చెయ్యమనేవారంటే, వాళ్ల గిటార్లకి ట్రస్ రాడ్ లేదు. ఇప్పటికీ అలాంటి గిటార్ మీ దగ్గరుంటే అర స్వరం దించి ఉంచడం మంచిదే.

ఎండాకాలం సెలవులకి నెలన్నర గిటార్ మూలన పెడుతుంటే పూర్తి స్వరం దించండి, అంతే. మొత్తం వదిలేస్తే మెడ వెనక్కి వంగొచ్చు. మే నెలలో బస్సు టాపు మీద, మూసిన కారులో మాత్రం పెట్టకండి. ఆ వేడికి బ్రిడ్జి జిగురు మెత్తబడితే తీగల లాగుడు మిగతా పని పూర్తిచేస్తుంది.

మార్చేటప్పుడు

బ్రిడ్జికి పిన్నులున్న గిటార్‌కి తీగలన్నీ ఒకేసారి విప్పి మెడ తుడుచుకోవచ్చు, గంటా రెండు గంటలు పర్వాలేదు. టెయిల్‌పీస్ రకానికి మాత్రం ఒక్కొక్కటే మార్చాలి, లేకపోతే బ్రిడ్జి జరిగిపోయి స్వరాలన్నీ తప్పుతాయి. కీ చుట్టూ లావు తీగ రెండు చుట్లు, సన్న తీగ మూడు చుట్లు, పైనుంచి కిందికి దిగుతూ ఉండాలి. ఎక్కువ చుడితే బలం అనుకుంటారు గాని, ఆ చుట్లే బిగుసుకుంటూ శ్రుతి దింపేస్తాయి. శ్రుతికి తెచ్చాక పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేసి, ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే కుదురుకుంటుంది. శ్రుతికి ఎప్పుడూ కిందినుంచే ఎక్కండి. దాటిపోతే బాగా కిందికి దించి మళ్లీ పైకి రండి. తిప్పుతుంటే నట్ దగ్గర "టిక్" మని చప్పుడొస్తే తీగ గాడిలో పట్టేస్తోందన్నమాట. పెన్సిల్ మొన ఆ గాడిలో రుద్దండి, జారుతుంది.

ఒకే తీగ ఎప్పుడూ ఒకేచోట తెగుతుంటే తీగ మార్చి లాభం లేదు. అక్కడ సాడిల్ మీదో, కీ రంధ్రంలోనో పదునైన అంచు ఉంటుంది. 600 నంబరు ఎమరీ కాగితం ముక్క మడిచి ఒకటి రెండుసార్లు రుద్దితే పోతుంది.

మల్కనగిరి లాంటి దూరపు చోట ఉన్నవాళ్లు తీగ తెగాక తెప్పించుకుందామనుకుంటే ఆ వారం ఐదు తీగలతోనే గడపాలి. ఆన్‌లైన్లో సెట్టు తెప్పించుకునేటప్పుడే మొదటి తీగ, జీ తీగ విడిగా రెండేసి కలిపి తెప్పించుకోండి. విడి తీగలు తీసుకునేటప్పుడు గేజ్ మీ సెట్టుదే అయి ఉండాలి, 12 సెట్టు మధ్యలో 10 తీగ ఒక్కటి వేస్తే వేలికి అది తెలిసిపోతూనే ఉంటుంది. కవరు చింపని తీగలు ఏళ్లు నిలుస్తాయి. చింపినవైతే జిప్ కవర్లో సిలికా పొట్లంతో పాటు పెట్టి, మీద గేజ్ రాసి ఉంచండి.